పదకొండో బిళ్ళ

ఆయుధపూజ నాడు టెస్టింగ్ స్టేషనులో యంత్రాలకు పసుపు కుంకుమలు పెట్టారు, మనుషులకు సూదులు గుచ్చారు. అంతకుముందు ఏ యేడూ ఇలాంటి పూజ జరగలేదు. డాక్టర్ గిరిజాపతి పట్టుబట్టి చేయించాడు. గుమ్మడికాయ కొట్టాక, పులిహోర పొట్లాలు పంచేలోపు, ఇష్టమున్నవాళ్లంతా వరసలో వచ్చి చెంచాడేసి రక్తం ఇచ్చి పోవాలని ఆయన కోరిక. పులిహోర మీద ఆశతోనో, డాక్టరు మీద గౌరవంతోనో ఇరవై మంది దాకా నిలబడ్డారు.

భూమేశ్ చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. వెనక నిలబడింది అతని భార్య స్వరూప.

"మిషన్లకేమో గుమ్మడికాయ, మనకేమో సూదులు. దిష్టి ఎవరికి తీస్తున్నట్టు?" అన్నాడు.

"నోరు మూసుకొని చెయ్యి చాపు," అంది స్వరూప. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

సీసాల మీద పేర్లు రాయలేదు. నంబర్లు వేశారు, అవి కూడా కలగాపులగం చేసి. ఎవరి గుండె సంగతి పక్కవాళ్లకు తెలియకూడదు, డాక్టరైన తనకు కూడా తెలియకూడదు అని గిరిజాపతి ముందే చెప్పాడు. మంచి మనిషి. మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. ఆ మంచితనం తర్వాత ఆయన్ను ఎంత కాల్చుకుతిన్నదో ఆయనకే తెలుసు.

నగరం దాటాక సంగారెడ్డి రోడ్డు పక్కన, ముళ్లకంపల మధ్య ఉంటుంది ఆ స్టేషను. కంపెనీలు తయారుచేసిన స్విచ్చులనూ బ్రేకర్లనూ జనం చేతికి పోకముందే చావగొట్టి చూడటం అక్కడి పని. పెద్ద షెడ్డులో బీరువాలంత ప్యానెళ్లకు షార్ట్ సర్క్యూట్ ఇచ్చి, పేలుతాయో నిలుస్తాయో చూస్తారు. ఆ ప్యానెళ్లకు రాగి పట్టీలు బిగించేవాడు భూమేశ్. పేలుళ్లకు చెవులు అలవాటుపడి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. దేన్ని ముట్టుకున్నా ముందు చేతి వెనకవైపుతో తాకేవాడు. కరెంటు ఉంటే చెయ్యి ముడుచుకుని దానంతటదే వెనక్కి వస్తుంది, అదే అరచేత్తో పట్టుకుంటే పట్టు వదలదు. చివరికి పాలగిన్నెను కూడా అలాగే తాకి చూస్తాడని స్వరూప నలుగురిలో ఆటపట్టించేది.

స్వరూపది చిన్న బిల్డింగు. ఆ విభాగానికి ఆమే ఇంజనీరు. ఇళ్లలో గోడకు పెట్టే లీకేజీ బ్రేకర్లు ఆమె దగ్గరికి వస్తాయి. తీగలో పోవలసిన కరెంటు దారితప్పి మనిషి ఒంట్లోంచి నేలలోకి దిగుతుంటే, కనిపెట్టి టక్కున పడిపోయి, కరెంటును ఆపేయాలి ఆ బ్రేకరు. ప్రాణం పోయేలోపు పడాలి. ఇన్నేళ్లూ మనిషికి బదులు వేలెడంత రెసిస్టరు పెట్టి, ఎంతలో పడిందో గడియారంలో చూసి, సరేనని సంతకం పెట్టేవాళ్లు.

"రెసిస్టరు చావదు కదమ్మా," అనేవాడు గిరిజాపతి. "చావగలిగినదాన్ని పెట్టి చూస్తేనే అది పరీక్ష."

ఆ చావగలిగినదాన్ని ఆయనే తయారుచేశాడు. రక్తంలోని కణాలను మచ్చిక చేసి, అవి పుట్టినప్పటి స్థితికి వెనక్కి నడిపించి, మళ్లీ గుండె కణాలుగా పెంచాడు. గాజు పళ్లెంలో, గులాబీ రంగు ద్రవంలో, రూపాయి నాణెమంత గుండె ముక్క. దానంతట అదే కొట్టుకుంటుంది. స్టేషనులో అందరూ వాటిని బిళ్ళలని పిలిచారు.

మొదటి పరీక్ష నాడు స్వరూప గంట మోగించి, అందరినీ పసుపు గీత వెనక్కి పొమ్మని, బటన్ నొక్కింది. బిళ్ళలోంచి కరెంటు పోయింది, బ్రేకరు టక్కున పడింది. బిళ్ళ ఒక్క క్షణం వణికి, ఆగి, ఏమీ జరగనట్టు మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. గదిలో ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే ఊపిరి వదిలారు. ఒకటి తర్వాత ఒకటి అలాగే గండం గట్టెక్కాయి. పదకొండో బిళ్ళ మాత్రం వణికి, ఆగి, అలాగే ఉండిపోయింది.

అదే రక్తం నుంచి పెంచిన ఇంకో బిళ్ళ పెట్టారు. అదీ అంతే. స్వరూప తెర మీద దాని గీత చూసింది. కరెంటు ఇవ్వకముందు నుంచే ఆ గీతలో ఒక మెలిక ఉంది. మిగతావాటిలో లేదు.

"శాంపిల్ చెడ్డది సార్," అంది.

గిరిజాపతి గడ్డం గోక్కున్నాడు. "రెండుసార్లూ ఆగిందంటే..."

"మూలమే చెడ్డదై ఉంటుంది. బేసి రీడింగు. తీసేద్దాం."

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. అలవాటు ఆమె చేత అనిపించింది. రీడింగులన్నీ ఒకలా వచ్చి ఒకటి అడ్డదిడ్డంగా వస్తే ఆ ఒక్కదాన్నీ కొట్టేయాలని ఆమెకు పైవాళ్లు నేర్పారు, ఆమె కిందివాళ్లకు నేర్పింది. రెసిస్టర్ల కాలంలో అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతే. ఎక్కడో తీగ వదులై ఉంటుంది, లేదా మీటరుకు తిక్క పుట్టి ఉంటుంది. పళ్లెంలో ఉన్నది ఒక మనిషి తాలూకు గుండె అనీ, ఆ మనిషి ఈ స్టేషనులోనే ఎక్కడో తిరుగుతున్నాడనీ ఆ గదిలో ఏ ఒక్క తలకూ తట్టలేదు. అన్నీ చదువుకున్న తలలే.

పదకొండో నంబరు కణాలన్నిటినీ సింకులో పోసి కడిగేశారు. కరెంటు పెట్టకుండా మిగిలిన ఒక్క బిళ్ళను మాత్రం ఉంచారు, అదైనా దాని మీద ప్రేమతో కాదు. బిళ్ళలకు పోసే ద్రవం కొత్త సీసా వచ్చినప్పుడల్లా ముందు దానికి పోసి చూసేవాళ్లు. అది బతికితే మంచి బిళ్ళలకు పోసేవాళ్లు.

బ్రేకరు పాసయింది. "మనిషి గుండె మీద పరీక్షించినది" అన్న స్టిక్కరుతో మార్కెట్టులోకి వెళ్లింది. ఒక డబ్బా స్వరూప ఇంటికి కూడా తెచ్చింది. భూమేశ్ స్టూలు ఎక్కి గోడకు బిగించి, టెస్ట్ బటన్ నొక్కి చూసి, టక్కున పడగానే కూతుర్ని పిలిచాడు.

"చూసినవా బిడ్డా. దీని మీద మీ అమ్మ సంతకం ఉన్నది. ఇగ మనకు రందే లేదు."

కూతురు సంహిత డిగ్రీ రెండో ఏడు. అమ్మ సంతకం కంటే అమ్మ చేసే పచ్చిపులుసు మీద ఎక్కువ నమ్మకమని అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆదివారాలు ఆ ఇంట్లో అన్నం తిన్నాక చాప మీద వెల్లకిలా పడుకోవడం భూమేశ్ అలవాటు, అతని ఛాతీ మీద తల పెట్టుకుని పడుకోవడం స్వరూప అలవాటు. పెళ్లయిన కొత్తలోనే ఆమె చెప్పేసింది, "నీ గుండెకు నత్తి ఉన్నది" అని. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒకచోట తడబడేది. ఊరి డాక్టరును అడిగితే కొందరికి ఉంటుంది, ఏం కాదన్నాడు. నిజంగానే ఏమీ కాలేదు. రోజంతా ఇనుము మోసినా ఆయాసపడే మనిషి కాదు. ఆ నత్తి స్వరూపకు ఎంత అలవాటయిందంటే, అది వినపడకపోతే ఆదివారం కునుకు పట్టేది కాదు.

ఆ పరీక్షల తర్వాత రెండో వానాకాలంలో ఒక పొద్దున వాకిట్లో మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి. భూమేశ్ మోటారు తెచ్చి నీళ్లు తోడేద్దామని దిగాడు. ఒక చేత్తో మోటారు, ఇంకో చేత్తో పైపు. చేతి వెనకవైపుతో తాకి చూడటానికి ఆ రోజు చేతులు ఖాళీగా లేవు. అప్పటికే ప్లగ్గులో ఉన్న మోటారు తీగ ఎక్కడో చిట్లి ఉంది. సంహిత కేక విని స్వరూప వంటింట్లోంచి వచ్చేసరికి అతను నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు. బయటికి లాగి, పక్కింటివాళ్లు అంబులెన్సుకు ఫోన్ చేస్తుంటే, చేతులు పడిపోయేదాకా అతని ఛాతీ నొక్కుతూనే ఉంది. ఆ ఛాతీలోంచి ఏమీ రాలేదు.

ఎప్పుడో తలెత్తి గోడ వైపు చూసింది. బ్రేకరు పడిపోయి ఉంది. చేయవలసిన పని చక్కగా చేసి, పిడి కిందికి వేలాడేసుకుని ఉంది.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా అదే అన్నాడు, డబ్బా బాగానే పనిచేసిందమ్మా, మీ దురదృష్టం అని. కర్మలన్నీ అయ్యాక స్వరూప ఆ డబ్బాను గోడ నుంచి విప్పి స్టేషనుకు తీసుకుపోయి మంచి బిళ్ళ మీద తనే పరీక్షించింది. గడువు కంటే ముందే పడింది. బిళ్ళ వణికి మళ్లీ కొట్టుకుంది. పాసయింది. అది ఫెయిలయి ఉంటే బాగుండేదని, తిట్టడానికి ఒకరు దొరికేవారని ఆమెకు అనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, టెక్నీషియన్ యూసుఫ్ ల్యాబులో స్పీకరు బిగిస్తున్నాడు. పొద్దస్తమానం తెర మీద గీతలు చూసి కళ్లు మండుతున్నాయని, బిళ్ళల చప్పుడు వినపడేలా చేస్తే బాగుంటుందని అతని ఆలోచన. మంచి బిళ్ళతో ప్రయోగమెందుకని మూలన ఉన్నదానికి తీగలు కలిపాడు. స్వరూప పక్క బల్ల దగ్గర టీ తాగుతోంది.

స్పీకరులోంచి మూడు దెబ్బలు వరసగా వినపడ్డాయి. ఒక తడబాటు. తర్వాత రెండు తొందర తొందరగా, కదిలిపోతున్న బస్సు కోసం ఉరికినట్టు. మళ్లీ మూడు.

టీ గ్లాసు ఎప్పుడు కింద పడిందో ఆమెకు తెలియదు.

"అది ఎవరిది యూసుఫ్?"

"పదకొండో నంబర్ది మేడం. చెడ్డ శాంపిల్ అని మీరే పక్కన..." ఆమె మొహం చూసి అతను మిగతాది మింగేశాడు.

ఏడాది పైగా ఆ బిళ్ళ ఆమె కళ్లెదుట ఉంది. గీతలో మెలికను రోజూ చూసింది. కళ్లతో చూసింది కాబట్టి తెలుసుకోలేకపోయింది. ఆమెకు తెలిసింది చెవితో, అదీ ఆదివారం మధ్యాహ్నాలు, చాప మీద. స్వరూప నేల మీదే కూలబడి, స్పీకరుకు చెవి ఆనించి, బిగ్గరగా ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. యూసుఫ్ తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు.

గిరిజాపతి భూమేశ్ గడ్డం గీసుకునే రేజరు తెప్పించుకుని, అందులో అంటుకున్న చర్మంతో బిళ్ళను పోల్చి చూశాడు. సందేహం లేదు. చెప్పడానికి ఆయనే వచ్చాడు, కూర్చోమంటే కూర్చోలేదు. ఇలాంటి గుండెతో నూరేళ్లు బతకొచ్చనీ, కొండలెక్కొచ్చనీ, ఒక్క కరెంటు తగిలినప్పుడు మాత్రం చెదిరిన లయను మళ్లీ అందుకోలేదనీ చెప్పాడు. మామూలు గుండె తట్టుకునే ఆ రెప్పపాటు కూడా దీనికి ఎక్కువే. నాలుగైదు వందల మందిలో ఒకరికి ఉండొచ్చు. చివరి మాట కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"ఇది వంశంలో వస్తుందమ్మా. మీ అమ్మాయిని ఒకసారి..."

స్వరూప ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పులైనా విప్పకుండా, మంచం మీద చదువుకుంటున్న సంహిత ఛాతీకి చెవి ఆనించింది. మూడు, తడబాటు, రెండు.

"నాది గూడ నాన్న లెక్కనే కొట్టుకుంటది," అంది సంహిత మెల్లగా. "నాన్ననే చెప్పిండు, చిన్నప్పుడు. నీకు తెల్వదా?"

తెలియదు. తండ్రీకూతుళ్లు దాన్ని తమ ఇద్దరి మధ్య ముచ్చటగా దాచుకున్నారు.

స్వరూప లేచి వెళ్లి మెయిన్ ఆఫ్ చేసింది. ఇల్లంతా చీకటైంది. ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. జరిగిందంతా ఆ చీకట్లోనే కూతురికి చెప్పింది. బేసి రీడింగు తీసేద్దామన్నది తనేనని కూడా చెప్పింది. సంహిత తల్లిని తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు.

"ఎన్ని రోజులు ఆఫ్ చేసి పెడతవమ్మా," అంది చివరికి. "కాలేజీల గూడ ఆఫ్ చేస్తవా? బస్టాండుల?"

మర్నాడే స్వరూప ప్రమాణాల కమిటీకి రాసింది. బ్రేకరు ఇంకా ముందు పడాలి, ఇంకా తక్కువ కరెంటుకే పడాలి, నిబంధన మార్చాలి అని. కంపెనీలు ఒప్పుకోలేదు. వాళ్ల వాదనలో పస లేకపోలేదు. అంత సున్నితంగా పెడితే ప్రతి చినుకుకూ పడిపోతుంది, జనం విసుక్కుని తీగ ముక్కతో కట్టిపడేస్తారు, అప్పుడు అందరికీ ప్రమాదం. కమిటీ మధ్యేమార్గంగా, కళ్లారా చూపించండి అంది. అంటే పాసయిన బ్రేకరు పెట్టి, కమిటీ ముందు, ఉన్న ఒక్క పదకొండో బిళ్ళ మీదా కరెంటు వదలాలి. గుండె కణాలు ఒకసారి గుండె అయ్యాక ఇక పెరగవు. పెంచడానికి పనికొచ్చే మూలాన్ని సింకులో పోసి ఏడాది దాటింది.

కమిటీ వచ్చేదాకా ఆ బిళ్ళకు ద్రవం స్వరూపే పోసింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని దాని పక్కన కూర్చుని తినేది. స్పీకరు సన్నగా పెట్టుకునేది. ఒకసారి పచ్చిపులుసు కలుపుకుంటూ, పులుపు ఎక్కువైందని దానితో అంది కూడా. యూసుఫ్ విననట్టు నటించాడు. దాన్ని ఇంటికి తీసుకుపోయి దాచుకోవాలని ఆమెకు ఎంత ఉండేదంటే, పళ్లెం పట్టే డబ్బా కూడా చూసి పెట్టుకుంది. ప్రతి సాయంత్రం సంహిత ఫోన్ ఛార్జింగుకు పెట్టడం చూసి ఆ డబ్బాను మళ్లీ లోపల పెట్టేది.

కమిటీ పెద్ద సోమయాజులు. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. ఆయనా ఇంకో ఇద్దరూ పసుపు గీత వెనక నిలబడ్డారు. యూసుఫ్ స్పీకరు ఆపేయబోతే స్వరూప వద్దనలేకపోయింది. ఆపేశాడు. గంట మోగింది. ఆమె బటన్ నొక్కింది. బ్రేకరు గడువులోపే పడింది. తెర మీద గీత చిందరవందరై, సన్నబడి, సమంగా సాగిపోయింది. ఇన్నాళ్లు మిగిలిన ఆ కాస్త భూమేశ్ కూడా పోయాడు. ఈసారి బటన్ మీద ఉన్న వేలు భార్యది.

సోమయాజులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. చూశాను కూడా. కానీ ఒక్క శాంపిలు మీద దేశమంతటికీ నిబంధన ఎలా మారుస్తాం? మొదట్లో ఆగిన రెండిటినీ మీరే లెక్కలోంచి తీసేశారు. మూడు ఉండాలి. ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు."

"కాదు సార్," అంది స్వరూప. ఆ వాక్యం ఆమెదే. ఎన్ని కంపెనీల వాళ్లను ఆ మాటతో గుమ్మంలోంచే తిప్పి పంపిందో లెక్కలేదు.

సింకులో పోయడానికి ఆమెకు చేతులు రాలేదు. తల్లీకూతుళ్లు ఆ బిళ్ళను స్టీలు గిన్నెలో పెట్టుకుని వెళ్లి మంజీరలో కలిపారు. అస్థికలు కలిపిన చోటే. నీళ్లలోంచి ఒడ్డుకు వచ్చాక సంహిత చున్నీ పిండుకుంటూ అంది.

"మూడు కావాలన్నడు గద. నా రక్తం తీసుకోండ్రి."

స్వరూప ససేమిరా అంది. కోప్పడింది, ఆ మాట మళ్లీ ఎత్తొద్దంది. సంహిత చున్నీ ఆరబెట్టుకుంటూ తల్లి అరుపులు అయ్యేదాకా ఊరుకుంది.

"పళ్లెంల ఉన్నదానికి నొప్పి తెలుస్తదా? తెల్వదు. నాకైతదా? కాదు. మరి ఎందుకు వద్దంటున్నవ్?"

"నాకైతది," అంది స్వరూప.

"అయితే అయితది తియ్యమ్మా," అంది సంహిత. ఆ మాటలో కరుకుదనం ఉంది. చీకట్లో తిట్టని తిట్టు ఇన్నాళ్లకు బయటికి వచ్చిందని స్వరూపకు అర్థమైంది. అందులో న్యాయం ఉందని కూడా అర్థమైంది. కాసేపటికి సంహితే దగ్గరికి వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది.

ఆ యేడు ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కొట్టారు, పులిహోర పంచారు. సూది ఒక్కరికే గుచ్చారు. గిరిజాపతి సీసా మీద ఈసారి నంబరు వేయలేదు, పేరు రాశాడు.

బిళ్ళలు పెరిగి కొట్టుకోవడం మొదలుపెట్టాక కమిటీ మళ్లీ వచ్చింది. సంహిత కూడా వస్తానని మొండికేసింది. బయట కూర్చోమంటే కూర్చోలేదు. తల్లి పక్కన, పసుపు గీతకు ఇవతల నిలబడతానంది. నిబంధన ప్రకారం అది కుదరదు. సోమయాజులు చూసి కూడా అడ్డు చెప్పలేదు.

యూసుఫ్ మొదటి పళ్లెం పెట్టి, తీగలు కలిపి, అలవాటుగా స్పీకరు మీద చెయ్యి వేశాడు.

"ఉండనీ," అంది స్వరూప.

మూడు దెబ్బలు, తడబాటు, రెండు తొందరగా. గది నిండా అదే చప్పుడు. స్వరూప ఎడమ చేత్తో కూతురి మణికట్టు పట్టుకుంది. నాడి మీద మూడు వేళ్లు ఆనించింది. అక్కడా అదే నత్తి. తను కన్నది, తను పెంచింది.

"నేను ఈడనే ఉన్న," అంది సంహిత, తల్లికి మాత్రమే వినపడేలా.

స్వరూప గంట మోగించి, బటన్ నొక్కింది. బ్రేకరు టక్కున పడింది. స్పీకరులో చప్పుడు వణికి, చెదిరి, ఆగిపోయింది. వేళ్ల కింద మాత్రం నాడి తడబడి, మళ్లీ అందుకుని, కొట్టుకుంటూనే ఉంది.

సోమయాజులు తల వంచుకుని, "ఒకటి," అని లెక్కపెట్టాడు. యూసుఫ్ రెండో పళ్లెం తెచ్చి పెట్టాడు. స్వరూప కూతురి చెయ్యి వదలకుండా మళ్లీ గంట మోగించింది.